గడ్డి అరుగుదలను కొలిచిన రోజులు

(మన సంఘం జడ్చర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ప్రత్యేక సంచిక కోసం ఒక్కొక్కరూ తమ ఉద్యోగం గురించి మాట్లాడాలి, ఈసారి మీ వంతు" అన్నారు. నేను చేసిన పని అరుగుదలను కొలవడమని చెప్పాను. "అరుగుదలా! మనవాళ్లందరికీ కావలసిన విషయమే" అంటూ నోటు పుస్తకంలో రాసుకుని సంతోషంగా వెళ్లిపోయారు. వారు మన అరుగుదల అనుకున్నారని ఆహ్వాన పత్రిక చూశాక గాని నాకు తెలియలేదు. ఇందాక ఒక సోదరి రాత్రిపూట కడుపుబ్బరానికి మందేమిటని కూడా అడిగారు. మన్నించాలి. ఆవు, ఎద్దు, బర్రె, మేక, గొర్రె, అంటే నెమరువేసే జీవాల కడుపు సంగతి మాత్రమే నాకు తెలుసు. మనకు గ్యాసు వస్తే బాధ. మా ప్రయోగశాలలో గ్యాసు వస్తే సంతోషం. ఎందుకో తర్వాత మనవి చేస్తాను.

నేను పెద్ద శాస్త్రవేత్తను కాను. మన జడ్చర్లలో పుట్టి, ఇక్కడే బడి చదువు చదివి, హైదరాబాదులో పశువుల మేతను పరీక్షించే ఒక ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాను. సీసాలు కడగడంతో మొదలై, తూకం వేయడం, మరిగించడం, వడకట్టడం, లెక్కలు కట్టడం వరకు వచ్చి రిటైరయ్యాను. పుస్తకాలు రాసినవారు వేరే. చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను.

అసలు గడ్డి అరుగుదలను కొలవడం ఎందుకు? మన ఊరి మీదుగా రాయచూరు రోడ్డున జొన్నచొప్ప లారీలు హైదరాబాదుకు పోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. లారీ మీద ఇల్లంత ఎత్తున కట్టలు. చూడ్డానికి అన్నీ ఒకటే చొప్ప. కాని ఒక చొప్పలో పశువు తిన్నదాంట్లో సగం పైన ఒంటికి పడుతుంది, మరొక చొప్పలో నలభై వంతులే పడి మిగిలింది పేడ అవుతుంది. ఒక ఆవు రోజుకు ఆరు కిలోల ఎండుచొప్ప తింటుందనుకోండి. పేడను పూర్తిగా ఎండబెట్టి తూస్తే మూడు కిలోలు వచ్చింది. అంటే అరుగుదల 50 శాతం. అదే 45 శాతమైతే రోజుకు 300 గ్రాములు తక్కువ పడినట్టు. ఏడాదికి లెక్క కడితే నూట పది కిలోల మేత కొని పెంటకుప్పలో పోసినట్టే. పైగా అరగని మేత పొట్టలో చాలాసేపు కూర్చుంటుంది కనుక పశువు తినేది కూడా తగ్గుతుంది. కరువు సంవత్సరంలో, చొప్ప కట్ట ధర పెరిగినప్పుడు, ఈ అయిదు పాయింట్లే పశువును ఉంచుకోవడమా సంతకు తోలడమా అన్నది తేలుస్తాయి. పాలమూరు జిల్లావాళ్లకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

నెమరువేసే జీవాలకు నాలుగు అరల పొట్ట. అందులో మొదటిది, రూమెన్ అనేది, పెద్ద పశువుకు వంద లీటర్లు కూడా దాటుతుంది. మన అమ్మమ్మల కాలపు గాబు అనుకోండి. లోపల వేడి సుమారు 39 డిగ్రీలు, గాలి సోకదు. అందులో ఒక్క మిల్లీలీటరు రసంలో వెయ్యి కోట్ల దాకా సూక్ష్మజీవులు. గడ్డిని అరిగించేది నిజానికి ఆవు కాదు, ఆ జీవులే. పీచును పులియబెట్టి అవి వదిలిన ఆమ్లాలతో ఆవు బతుకుతుంది. తర్వాత ఆ జీవులనే కిందికి దింపుకుని మాంసకృత్తులుగా అరిగించుకుంటుంది. ఇంతకన్నా గట్టి సహకార సంఘాన్ని నేను చూడలేదు. ఎన్నికలు కూడా ఉండవు.

అరుగుదలను కొలిచే అసలు పద్ధతి పశువునే అడగడం. కనీసం మూడు నాలుగు పశువులను విడిగా కట్టేసి, రెండు మూడు వారాలు అదే మేత అలవాటు చేసి, తర్వాత వారం రోజులు తిన్న ప్రతి గ్రామునూ, వేసిన ప్రతి పేడ కడినీ తూచాలి. మగ పశువులకు వెనక గుడ్డ సంచి కడతారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలలు ఈ సంచుల దగ్గర రాత్రి డ్యూటీ. ఇంటికి వెళ్తే మా అమ్మ స్నానం చేసేదాకా గడప తొక్కనిచ్చేది కాదు. "గవర్నమెంటు నౌకరని పిల్లనిచ్చిండ్రు, నువ్వేం నౌకరి చేస్తున్నవో వాళ్లకు చెప్పకు" అనేది. ఫలితం మాత్రం నమ్మదగింది. కాని ఒక్కొక్క మేతకు నెలకు పైగా పట్టేది, బండెడు గడ్డి కావాలి. వంద రకాల జొన్నచొప్ప పరీక్షించాలంటే జన్మ చాలదు.

అందుకే ముందునుంచీ దగ్గరి దారులు వెతికారు. 1860లలో జర్మనీలోని వెండె అనే చోట హెన్నెబెర్గ్, స్టోమన్ అనేవారు మేతను విడదీసి చూసే పద్ధతి స్థిరపరిచారు. నీరెంత, బూడిదెంత, కొవ్వెంత, ముడిపీచు ఎంత అని. మాంసకృత్తులకు 1883లో డెన్మార్కు రసాయనవేత్త కెల్డాల్ చెప్పిన పద్ధతి వచ్చి కలిసింది. గంధకికామ్లంలో మరిగించి, నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో గుణిస్తే ముడి మాంసకృత్తులు. ఈ లెక్కలో ఒక బొక్క ఉంది. యంత్రానికి నత్రజనే తెలుసు, అది పప్పులోంచి వచ్చిందో యూరియాలోంచి వచ్చిందో తెలియదు. యూరియాలో 46 శాతం నత్రజని. గుణించి చూడండి, 287 శాతం మాంసకృత్తులు! నూటికి రెండు వందల ఎనభై ఏడు! దాణాలో గుప్పెడు యూరియా కలిపితే కాగితం మీద అది బలమైన దాణా అవుతుంది. 2008లో చైనాలో పాలపొడిలో మెలమిన్ కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసింది ఈ బొక్కలోంచే. మెలమిన్‌లోనూ నత్రజని ఎక్కువే. దాణా బస్తా మీద మాంసకృత్తుల శాతం చూసి మురిసిపోయే మన పిల్లలకు ఈ మాట చెప్పండి.

ముడిపీచు అంకె కూడా అంతే. వరిగడ్డికి, పచ్చిమేతకు న్యాయం చేయలేదు. 1960లలో అమెరికాలో వాన్ సోయెస్ట్ అనే ఆయన మేతను సబ్బులాంటి ద్రావకంలో గంటసేపు ఉడికించి, కణం లోపలి సరుకును, గోడ సరుకును వేరుచేయడం నేర్పారు. లోపలి సరుకు దాదాపు అంతా అరుగుతుంది. గోడ సరుకులో ఎంత అరుగుతుందన్నది అందులోని లిగ్నిన్ మీద ఆధారపడుతుంది. లిగ్నిన్ అంటే చెట్టుకు కట్టెతనం ఇచ్చే పదార్థం. వరిగడ్డికి దానికి తోడు ఇసుకలాంటి సిలికా ఒకటి. ఈ ఉడకబెట్టడం నేను ఎన్ని వేలసార్లు చేశానో! నురగ పొంగి పొయ్యి మీద పడేది. మా గది ఎప్పుడూ చాకిరేవు వాసన కొట్టేది.

అయితే రసాయనం ఎంత చెప్పినా అది గడ్డి గురించి చెబుతుంది, అరుగుదల గురించి కాదు. దానికి పొట్ట కావాలి. ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే బొచ్చు వ్యాపారపు కూలీకి తుపాకీ గుండు తగిలి కడుపుకు బెజ్జం పడింది. సైనిక వైద్యుడు బోమాంట్ అతణ్ణి బతికించాడు గాని బెజ్జం పూడలేదు. డాక్టరు ఊరుకోలేదు. మాంసం ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ బెజ్జంలోంచి దించి, గంట గంటకు పైకి లాగి చూసేవాడు. కడుపులోని రసాన్ని సీసాలోకి తీసి, అందులో మాంసం వేసి వెచ్చగా ఉంచి కూడా చూశాడు. 1833లో పుస్తకం వేశాడు. మేము నూటయాభై ఏళ్ల తర్వాత చేసిందీ ఆ రెండు పనులే.

మా దగ్గర ఒక ఎద్దు ఉండేది. దాని ఎడమ డొక్కకు ఆపరేషన్ చేసి రబ్బరు గొట్టం, మూత అమర్చారు. అందరూ కిటికీ ఎద్దు అనేవారు. చూడవచ్చినవారు ముందు "అయ్యో పాపం" అనేవారు, తర్వాత అది కళ్లు మూసుకుని నెమరువేస్తూ మూత తీసినా పట్టించుకోకపోవడం చూసి లోపలికి తొంగిచూసేవారు. నాకూ మొదట్లో మనసొప్పలేదు. మంచి మేత, ఎండావానా తగలని కొట్టం, కాడి బరువు లేదు, దానికి లోటేమీ జరగలేదనే ఇప్పటికీ అనుకుంటాను. కాని దాన్ని అడిగి పెట్టలేదు గదా.

ఆ కిటికీలోంచి సన్న రంధ్రాల నైలాన్ సంచుల్లో మేత కట్టి వేలాడదీస్తాం. కొన్ని సంచులు ఆరు గంటలకు, కొన్ని రోజుకు, కొన్ని రెండు రోజులకు తీసి, కడిగి, ఎండబెట్టి తూస్తాం. ఎంత తగ్గిందో అంత అరిగినట్టు. 1938లోనే దక్షిణాఫ్రికాలో పట్టుగుడ్డ సంచులతో చేశారు. 1979లో స్కాట్లాండులో ఓర్‌స్కోవ్, మెక్‌డొనాల్డ్ అనేవారు దానికి లెక్క కట్టే సూత్రం ఇచ్చారు. ఎంత అరుగుతుంది అన్నదే కాదు, ఎంత వేగంగా అరుగుతుంది అన్నది కూడా తెలిసింది.

రెండోది సీసా పద్ధతి. ఇంగ్లండులోని హర్లీలో టిల్లీ, టెర్రీ 1963లో ప్రకటించారు. అర గ్రాము మేత పొడి, దాని మీద పశువు లాలాజలాన్ని పోలిన ఉప్పునీరు, ఎద్దు పొట్టలోంచి తీసి నాలుగు మడతల మల్లుగుడ్డలో వడకట్టిన రసం. గాలి పోవడానికి బొగ్గుపులుసు వాయువు పట్టించి, ఒంటి వేడిలో చీకటిగా 48 గంటలు. తర్వాత ఆమ్లం, పెప్సిన్ కలిపి మరో 48 గంటలు. మొదటిది రూమెన్ పని, రెండోది అసలు కడుపు పని. మిగిలింది తూస్తే లెక్క తేలుతుంది. పశువు దగ్గర నెల పట్టేది ఇక్కడ వారంలో, ఒకేసారి పదుల నమూనాలకు.

ఇక నా తప్పు చెబుతాను. ఇన్నేళ్లూ ఎక్కడా చెప్పలేదు.

1986 డిసెంబరు. మా వైపు వానలు తక్కువ పడ్డ సంవత్సరం. జడ్చర్ల దగ్గరి ఊరి రైతు ఒకాయనకు ఆరు బళ్ల పచ్చజొన్న చొప్ప ఉంది. పట్నంలో బర్రెల కొట్టానికి కొనే వ్యాపారి ఒకడు, "ప్రయోగశాల కాగితం తెస్తే ధర చెబుతా" అన్నాడట. మా ఊరివాణ్ణి గదా అని ఆ పెద్దాయన ఒక కట్ట మోసుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ వారం సీసాల్లో అది కూడా పెట్టాను.

ప్రతి వరుసలో రెండు మూడు సీసాల్లో, అరుగుదల ముందే తెలిసిన మామూలు గడ్డిని పెట్టాలి. అది నియమం. ఆ సీసాల్లో రావలసిన అంకె వస్తే వరుసంతా సరే, రాకపోతే వరుసంతా పారబోయాలి. ఆ వారం నమూనాలు ఎక్కువై, చోటు చాలక, ఆ సీసాలు తీసేసి వాటి స్థానంలో ఇతర నమూనాలు పెట్టాను. ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను. ఎన్నోసార్లు సరిగ్గానే వచ్చింది, ఈసారీ వస్తుందనుకున్నాను. చొప్ప అరుగుదల 38 శాతం అని వచ్చింది. టైపు కొట్టించి, అధికారి సంతకం పెట్టించి ఇచ్చాను.

మరుసటి వారం, తెల్లవారుజామున ఎద్దు దగ్గరి నుంచి రసం థర్మాస్‌లో పోసుకుని స్కూటర్ మీద వస్తుంటే, మోకాళ్ల మధ్య థర్మాస్ వెచ్చగా తగిలింది. చలికాలం, హాయిగానే ఉంది. రెండు మైళ్లు వచ్చాక గుండె జారింది. మంచి థర్మాస్ బయట చల్లగా ఉండాలి. బయట వెచ్చగా ఉందంటే లోపలి గాజు చిట్లి, వేడి బయటికి పోతున్నదన్నమాట. ఎప్పటి నుంచి? లోపలి సూక్ష్మజీవులు చలికి నీరసించి, పని చేయక, మంచి మేతను చెడ్డ మేతగా చూపించి ఉంటాయి. కొత్త థర్మాస్ తెచ్చి, మిగిలిన పొడితో, తెలిసిన గడ్డి సీసాలు పక్కన పెట్టి మళ్లీ చేశాను. 49 వచ్చింది.

అధికారికి చెప్పాను. ఆయన కోప్పడి, సవరించిన కాగితం రాసిచ్చారు. ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. చొప్ప అప్పటికే పోయింది. బండికి నలభై రూపాయలు తగ్గించాడట వ్యాపారి. ఆరు బళ్లకు రెండు వందల నలభై. అప్పట్లో అది చిన్న డబ్బు కాదు.

జరిగింది చెప్పాను. పెద్దాయన బీడీ ఆర్పి, "నాకు ఎర్కనే సారూ. గా సొప్ప నా ఎడ్లు మోడు మిగలకుండ తిన్నయి. గట్ల తిన్నది అరగకుండ యాడికి పోతది? కని ఎద్దుకు కాయితం రాయరాదు గద" అన్నాడు. కాసేపాగి, "ఒక్క మాట అడుగుత. బాదేపల్లి మార్కెట్ల పల్లికాయ తూస్తే నేను ముందుగాల రాయి పెట్టి కాంట సూపియ్యమంట. మీ సీసలకు రాయి లేదా?" అన్నాడు.

ఉంది, నేనే తీసేశాను అన్నాను.

జేబులో ఉన్న వంద రూపాయలు ఇచ్చాను. వద్దంటాడేమో అనుకున్నాను. లెక్కపెట్టుకుని తీసుకుని రుమాలులో కట్టుకున్నాడు. తర్వాత లోపలికి కేకేసి నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టించాడు. మిగతా నూట నలభై ఒకటో తారీఖున జీతం అందగానే మనియార్డరు చేశాను. ఆ రసీదు చాలాకాలం నా పెట్టెలో ఉండేది.

ఆనాటి నుంచి మా గదిలో తెలిసిన గడ్డి సీసాను అందరం "రాయి" అనే పిలిచాం. "రాయి పెట్టినవా?" అని నేనడిగితే కొత్తగా వచ్చిన పిల్లలకు అర్థమయ్యేది కాదు. పెట్టని వరుసను మాత్రం నేను రిజిస్టరులో ఎక్కించనివ్వలేదు.

ఇందాక గ్యాసు సంగతి చెబుతానన్నాను. జర్మనీలో హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో మెంకే గారి బృందం 1979లో చెప్పిన పద్ధతి అది. పెద్ద గాజు సిరంజిలో 200 మిల్లీగ్రాముల మేత, ఉప్పునీటితో కలిపిన రసం 30 మిల్లీలీటర్లు. సూక్ష్మజీవులు మేతను పులియబెడితే గ్యాసు పుట్టి పిస్టన్‌ను పైకి నెడుతుంది. 24 గంటల తర్వాత గీతలు చదవడమే. ఎక్కువ గ్యాసు వస్తే ఎక్కువ అరిగినట్టు. వరుసగా సిరంజీలు నిలబెట్టి, తెల్లవారి వెళ్లి చూస్తే, మంచి మేత పిస్టన్ తలెత్తుకుని ఉండేది, ముదిరిన చొప్ప పిస్టన్ కింద కూర్చుని ఉండేది. నాకు అన్నింటిలోకి ఇష్టమైన పద్ధతి ఇదే. ఇందులోనూ రాయి ఉండాలి, మెంకే గారే తెలిసిన గడ్డిని పక్కన పెట్టి దిద్దుకోమన్నారు.

నేను దిగిపోయే నాటికి కాంతితో చదివే యంత్రాలు వచ్చాయి. కంటికి కనిపించని పరారుణ కాంతిని మేత పొడి మీద వేసి, తిరిగివచ్చిన దాన్ని బట్టి నిమిషంలో అంకె చెబుతుంది. 1972లో స్థాపించిన మన పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలో పశు పరిశోధన సంస్థ ఇల్రీ వారు ఆ యంత్రంతో వేల నమూనాలు చూశారు. కాని యంత్రానికి అరుగుదల ఎవరు నేర్పాలి? ముందు సీసాల్లో, సిరంజీల్లో చేసిన అంకెలతోనే దానికి పాఠం చెప్పాలి. పాఠం తప్పైతే నిమిషానికొక తప్పు చెబుతుంది. నాకు వారం పట్టింది ఒక తప్పు చేయడానికి.

ఆ ఇల్రీ, ఇక్రిశాట్ వారే హైదరాబాదు చొప్ప వ్యాపారుల దగ్గర నమూనాలు కొని పరీక్షించి 2006లో ప్రకటించిన ఫలితం చదివినప్పుడు నాకు ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. వ్యాపారులు ఏ సీసా లేకుండా, చేత్తో పట్టి, కాడ విరిచి, రంగు చూసి ధర కడతారు. ప్రయోగశాలలో చూస్తే ఎక్కువ ధర పలికిన చొప్పే ఎక్కువ అరిగేది. 47, 52 శాతాల మధ్య అయిదు పాయింట్ల తేడాకు ధరలో పావు వంతు దాకా తేడా ఉంది. 1964లో మొదటి హైబ్రిడ్ జొన్న సీ.ఎస్.హెచ్-1 వచ్చినప్పుడు గింజ బాగా పండుతుందని అందరం సంతోషించాం. "మరి సొప్పేది సారూ?" అని రైతులు అడిగితే, వెనకబడ్డ మనుషులు, మార్పు గిట్టదు అన్నాం. కొత్త వంగడాల చొప్పను కూడా కొలవాలన్న ఆలోచన శాస్త్రవేత్తల్లో బలపడడానికి తర్వాత చాలా ఏళ్లు పట్టింది. ఈ విషయంలో మా శాఖలవాళ్లం రైతుకు బాకీ ఉన్నామనే నా అభిప్రాయం. ఎవరికైనా కోపం వస్తే భోజనాల దగ్గర తిట్టండి.

ఇప్పుడు ఎత్తిపోతల నీళ్లు వచ్చి మన దగ్గర వరి పెరిగింది, జొన్న తగ్గింది. ఇళ్ల దగ్గర ఒకటి రెండు పశువులున్నవారు వరిగడ్డి మీదే ఆధారపడుతున్నారు. దాని అరుగుదల పెంచడానికి ప్రయోగశాలల్లో రుజువైన మార్గం ఒకటుంది. వంద కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియాను నలభై యాభై లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పాలిథిన్ పట్టాతో గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. అరుగుదల అయిదు నుంచి పది పాయింట్లు పెరుగుతుంది. తీసిన గడ్డిని కాసేపు ఆరబెట్టి, ఘాటు పోయాక పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్లు పశువు తాగితే ప్రాణానికే ముప్పు, బకెట్లు దూరంగా పెట్టండి. నేను ఊళ్లలో ఎన్నోసార్లు చేసి చూపించాను. చూశారు, తల ఊపారు, తర్వాత చాలామంది చేయలేదు. నీళ్లు మోయాలి, పట్టా కొనాలి, మూడు వారాలు ఆగాలి, అమోనియా ఘాటుకు ఇంటివాళ్లు తిడతారు. సీసాలో వచ్చిన పది పాయింట్లకు ఇవన్నీ ఖర్చు రాసుకోవాలని మాకెవరూ నేర్పలేదు. మీలో ఎవరైనా చేస్తానంటే, పట్టా కప్పే రోజున నేను వస్తాను, నీళ్ల బకెట్ మాత్రం మోయలేను.

 కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, లోపల విస్తళ్లు వేసినట్టున్నారు. సెలవు.